జీపు మనది, స్పానరు ఎవరిది?

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న మన కుటుంబాలన్నీ లెక్కబెడితే ఫోర్‌వీల్ బండ్లు ఏడు తేలాయి. మూడు పాత మహీంద్రా జీపులు, నాలుగు కొత్త థార్‌లు. ఏడింటికీ కలిపి గ్రీసు గన్ ఒక్కటే ఉంది. అదీ తాతగారు కొన్నది. పొంగల్‌కు అందరం కలిసినప్పుడు ఏడు బండ్లూ వరసగా నిలబెట్టి ఫోటో తీసుకున్నాం. బాగుంది. ఫోటోలో ఉన్న కొడుకుల్లో, కూతుళ్ళలో, అల్లుళ్ళలో స్టెప్నీ మార్చడం ఎంతమందికి వచ్చని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, తాతగారి ఎంఎం 540 జీపును పాత ఇనుముకు అమ్మేద్దామని ఇంట్లో మొదలెట్టారు. కారణాలు మూడు చెప్తా ఉండారు. పదిహేనేళ్ళు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఇది ఒకటి. నెలకోసారి ఏదో ఒక రిపేరు, ఇది రెండు. చూసుకునే మనిషి లేడు, ఇది మూడు. మొదటి రెండూ సాకులు. మూడోదే అసలు సంగతి. ఇన్ని కుటుంబాలు, ఇంతమంది పిల్లలు, ఒక జీపును చూసుకునే మనిషి లేడట!

నేను అనేది సూటిగా చెప్తాను. సొంత బండికి శని ఆదివారాల్లో చేసుకోదగ్గ చిన్న రిపేర్లు కూడా చేసుకోలేని ఇంటికి, వారసత్వం గురించి గొప్పలు చెప్పుకునే హక్కు లేదు. కోపం వచ్చినవాళ్ళు చివరిదాకా చదివి తర్వాత తిట్టండి.

ఈ పేజీల్లో ఇన్నాళ్ళూ మనం ఏం రాసుకున్నాం? ఏ సీమ నుంచి వచ్చాం, ఏ ఏరు దాటాం, మధుర నాయకరాజుల కాలంలో ఎక్కడ దిగాం. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం, 1799 అక్టోబర్ 16న కయత్తారులో కట్టబొమ్మన ఉరి. అవన్నీ రాసుకోవాల్సినవే. కానీ మన పూర్వీకుల్లో పాళెగాళ్ళు ఎంతమంది? ఎక్కువమంది ఈ నల్లరేగడి నేలను, తమిళంలో కరిసల్ అంటామే, ఆ నేలను గొడ్డలితో కొట్టి, నాగలితో దున్ని బతికినవాళ్ళు. వాళ్ళు మనకు ఇచ్చిపోయింది కోట కాదు, చేతిపని.

ఎద్దుల బండినే తీసుకోండి. పత్తీ మిరపా వేసుకుని విరుదునగర్ సంతకు పోవాలంటే ఇక్కడి నుంచి యాభై కిలోమీటర్ల దూరం. బయలుదేరే ముందు బండాయన చక్రం తీసి, ఇరుసుకు కందెన పెట్టి, చీల సరిగ్గా పడిందో లేదో చేత్తో తట్టి చూసి కాడి కట్టేవాడు. ఆ కందెన కూడా అంగట్లో కొన్నది కాదు, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇంట్లో చేసుకున్నది. దారిలో ఇరుసు కిర్రుమంటే దిగి చూసేది ఎవరు? బండి తోలే ఆయనే. అందుకని ఆయన్ను ఎవరైనా చిన్నచూపు చూశారా? తర్వాత కపిల పోయి ఆయిల్ ఇంజన్ వచ్చింది. దాన్ని కూడా బావి గట్టునే విప్పి, ఫిల్టరు కడిగి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేసినవాళ్ళు మన నాయనల తరం. వాళ్ళలో చాలామంది ఐదో తరగతి కూడా దాటలేదు. ఈరోజు మన పిల్లల్లో ఇంజనీర్లే ఎక్కువ. టైరులో గాలి ఎంతుందో చూడ్డానికి పెట్రోల్ బంక్ కుర్రాణ్ణి పిలుస్తారు.

జి.డి. నాయుడు గారిని మనవాడని చెప్పుకోని సంఘ సభ ఉండదు. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. బడి చదువు ఒంటబట్టలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక తెల్లదొర దగ్గర మోటర్ సైకిల్ చూసి, దాన్ని కొనడానికి హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టాడు. బండి చేతికొచ్చాక దాన్ని ముక్కముక్కా విప్పి మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చికీ పళనికీ మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా కంపెనీ కట్టాడు. 1937లో ఆయన దగ్గర తయారైన మోటరే మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటరని చెప్తారు. ఆయన పటానికి దండ వేసొచ్చి, అదే సాయంత్రం కొడుకు బోనెట్ ఎత్తబోతే "వద్దురా, చేతులు పాడైపోతాయి" అంటాం. ఆ దండకు ఏం అర్థం ఉన్నట్టు?

ఇక సాకుల సంగతి చూద్దాం.

మొదటిది మర్యాద. "వీధిలో నలుగురూ చూస్తా ఉంటే జీపు కింద పడుకుంటావా, మన ఇంటి పేరేం కాను?" అని ఒక అత్త అడిగింది. అత్తా, నీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా. మనం పడుకోకపోతే జీపు కింద ఎవరూ పడుకోరని కాదు కదా. ఎవరి బిడ్డో పడుకుంటాడు. మన పిల్లల గోళ్ళు తెల్లగా ఉండాలంటే ఇంకొకరి పిల్లల గోళ్ళు నల్లబడాలి అనేదే ఆ మర్యాద. అగ్గిపెట్టెల ఊరు మనది. చిన్న చేతుల పని మీద పెద్దల మర్యాద నిలబడటం ఎట్టా ఉంటుందో కోవిల్‌పట్టికీ శివకాశికీ ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఒక వర్క్‌షాపుకు పోయినప్పుడు అక్కడి కుర్రాణ్ణి "ఏయ్ పైయా" అని పిలిచే మన బావమరుదులు, ఒక్క ఆదివారం తామే ఒక వీల్ నట్టు విప్పి చూస్తే, సోమవారం ఆ కుర్రాణ్ణి "తమ్ముడూ" అంటారు. బిల్లు దగ్గర బేరమూ ఆడరు. పని కష్టం తెలిసినవాడికే పనివాడి విలువ తెలుస్తుంది.

రెండోది, "కొత్త బండ్లలో అంతా కంప్యూటరే, మనం ముట్టుకోకూడదు." సగం నిజం. కొత్త డీజిల్ ఇంజన్లలో కామన్ రెయిల్ లైన్ల ఒత్తిడి ఎంత ఎక్కువంటే, సన్నగా చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. దాని జోలికి పోవద్దు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అసలే వద్దు. కానీ స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఒకటి ఉంటుంది. చిన్న స్కానర్ కొని దానికి పెడితే, హెచ్చరిక లైటు ఎందుకు వెలిగిందో దాని కోడ్ ఫోన్‌లో కనిపిస్తుంది. అంత మాత్రానికే బండి బాగవదు. మెకానిక్ దగ్గరికి పోయి "లైటు వెలుగుతోంది సార్" అనడం వేరు, "ఈ కోడ్ వస్తోంది, ఈ సెన్సర్ వైరు చూడండి" అనడం వేరు. అయినా టైరు, బ్రేక్ ప్యాడ్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, ఇరుసు నూనె, ఇవి ఏ కంప్యూటర్ లోపల ఉన్నాయి?

మూడోది వారంటీ. వారంటీ ఉన్నన్నాళ్ళు సర్వీసులు కంపెనీ చెప్పిన చోటే చేయించండి, కాదనడం లేదు. కానీ బండితో ఇచ్చిన పుస్తకం ఎవరైనా తెరిచారా? యజమాని తానే చూసుకోవాల్సినవి అందులోనే వరసగా రాసి ఉంటాయి. పైగా, రిపేరు అనేది కంపెనీల గుత్తసొమ్ము కాదని మన దేశంలో గట్టిగా చెప్పినవాళ్ళు ఉన్నారు. స్పేర్ పార్ట్స్‌నీ రిపేరు సమాచారాన్నీ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. ఆ తీర్పు మీద అప్పీళ్ళు నడిచాయి, అది వేరే కథ. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వమే రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది. అందులో కార్లూ ఉన్నాయి, వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. హక్కు కోసం ఢిల్లీలో కొట్లాడేవాళ్ళు కొట్లాడుతున్నారు. మనం మాత్రం హక్కు చేతికొచ్చినా స్పానర్ పట్టుకోం.

ఇక్కడ కుర్రాళ్ళకు ఒక మాట. బోనెట్ మీద లైట్ల వరస, అడుగు ఎత్తిన సస్పెన్షన్, బయటికి పొడుచుకొచ్చిన టైర్లు, ఇవి రిపేరు కావు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే మాట చెప్పింది. అలంకారానికి లక్షలు పోసి, గ్రీసుకు వంద రూపాయలు ఖర్చు పెట్టని బండి చూస్తే నాకు నవ్వొస్తుంది. పెళ్ళికూతురికి ఒంటినిండా నగలు పెట్టి అన్నం పెట్టనట్టు ఉంటుంది.

నాలుగో సాకు, "మనకంటే వాళ్ళకే బాగా తెలుసు." దీనికి మన ఇంట్లో జరిగిందే చెప్తాను. పోయిన ఐప్పసి వానల్లో మా బావగారి జీపు సాత్తూరు పక్కన ఒక వాగు దాటింది. తర్వాత చూస్తే వెనక డిఫరెన్షియల్ నూనె పాలలాగా తెల్లబడింది, అంటే నీళ్ళు దూరాయి. ఒక వర్క్‌షాపులో నూనె, ఆయిల్ సీళ్ళు మార్చారు. ఇంకో వాగు, మళ్ళీ అదే కథ, మళ్ళీ సీళ్ళు. మూడోసారి, కాలేజీలో చదువుకునే మా చిన్నాయన మనవరాలు జీపు కింద దూరి, ఇరుసు పైన ఉన్న బ్రీదర్‌ను విప్పి చూసింది. రేగడి మట్టి పట్టి రాయిలా మూసుకుపోయి ఉంది. బండి నడిచేటప్పుడు ఇరుసు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే ఆ గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ తెరిచి ఉంటే దానిగుండా బయటి గాలి లోపలికి వస్తుంది. మూసుకుపోతే, ఆ లాగుడుకు సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. సీళ్ళు ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం? ఆ పిల్ల దాన్ని డీజిల్‌లో కడిగి, రెండడుగుల రబ్బరు గొట్టం తగిలించి పైకి కట్టింది. ఆ తర్వాత రెండు వాగులు దాటింది ఆ జీపు, నూనె రంగు మారలేదు.

ఇందులో ఎవరి మోసమూ లేదు. వర్క్‌షాపులో రోజుకు పది బండ్లు వస్తాయి. మన బండి ఏ వాగులో దిగింది, ఏ చేలో కూరుకుంది, ఏ మలుపులో కొత్త చప్పుడు చేసింది, ఇవి వాళ్ళకు ఎట్టా తెలుస్తాయి? మనకు తెలుసు. వాళ్ళకు యంత్రం తెలుసు, మనకు ఆ యంత్రం బతుకు తెలుసు. ఆ రెండూ కలవాలంటే మనం కూడా కాస్త కిందికి వంగాలి.

ఈ నేలకు ఏం కావాలో కూడా ఈ నేలవాళ్ళకే తెలుసు. రేగడి మట్టి తడిస్తే ఉబ్బుతుంది, జిగురులా పట్టుకుంటుంది. ఎండితే సిమెంటు. చేలోంచి వచ్చిన రోజే రేడియేటర్ రెక్కలు, బ్రేక్ డ్రమ్ముల పక్కలు, కమాను పట్టీల సందులు నీళ్ళతో కడగాలి. వారం తర్వాత ఉలి పెట్టి చెక్కినా రాదు. ఎండాకాలంలో దుమ్ము. పాత జీపుల్లో చాలావాటికి ఎయిర్ క్లీనర్ అడుగున నూనె గిన్నె ఉంటుంది. అందులో మట్టి పేరుకుంటే పారబోసి, కడిగి, గీత దాకా కొత్త నూనె పోయాలి. నీళ్ళలో దిగి వచ్చాక ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకూ, కమాను పిన్నులకూ, స్టీరింగ్ జాయింట్లకూ ఉన్న నిప్పల్స్‌లో పాత గ్రీసు, నీళ్ళు బయటికొచ్చేదాకా కొత్త గ్రీసు కొట్టాలి. వీల్ నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చక్రం తీసి పెట్టాక యాభై, వంద కిలోమీటర్లకు మళ్ళీ ఒకసారి చూడాలి. మన బండ్లలో ఉన్నది పార్ట్ టైమ్ ఫోర్‌వీల్. పొడి తారురోడ్డు మీద దాన్ని వేసి తిప్పితే గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. అట్లని ఏడాదంతా ముట్టకుండా వదిలేసినా పనికిరాదు. నెలకు రెండుసార్లు మెత్తటి మట్టిలో వేసి కొంత దూరం నడపాలి. ఇదంతా కలిపితే ఒక పూట పని. మ్యాచ్ చూసే టైములో సగం.

హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే నా మాట పట్టుకుని ఎవరైనా దెబ్బ తింటారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోకూడదు. ఇటుకలు, రాళ్ళు పేర్చి నిలబెట్టే అలవాటు మానాలి. రాయి పగిలితే చెప్పి పగలదు. గట్టి స్టాండ్లు పెట్టాలి, మిగతా చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. బ్రేకుల పని మొదటి రెండుసార్లు తెలిసిన మెకానిక్ పక్కన ఉండగానే చేయండి. ఇంజన్ లోపలి పని, గేర్‌బాక్స్ పని ఆయనకే వదలండి. తీసిన నూనె బావి గట్టున పారబోయొద్దు. అది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది, డబ్బాలో పట్టి తిరిగి శుద్ధి చేసేవాళ్ళకు చేరేలా చూడండి. ఈ హద్దులు తెలియడం కూడా చేతిపనిలో భాగమే. ఏది చేయగలడో తెలిసినవాడికే ఏది చేయకూడదో తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మన భాష. మన ఇళ్ళలో తెలుగు బడి నుంచి రాలేదు. 2006 చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అంతకుముందు కూడా మనలో తెలుగు అక్షరం దిద్దినవాళ్ళు తక్కువే. వందల ఏళ్ళు రాత లేకుండా ఈ భాష ఎట్టా నిలబడింది? పనిలో నిలబడింది. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేసేటప్పుడు "పట్టుకో, వదులు, ఇంకొంచెం బిగించు, మెల్లగా, చెయ్యి తియ్యి" అనుకుంటూ నిలబడింది. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగు ఇంటివాడు, రైతు. ఆంధ్రం నుంచి వచ్చి ఇక్కడ ఊరు కట్టుకున్న మనవాళ్ళ కథను తమిళంలో నవలలుగా రాశాడు. వాటిలో 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చుకుంది. ఆయనే కరిసల్ నేల జనం మాటలు ఏరి ఒక నిఘంటువు కూడా చేశాడు. అట్లాంటి మాటలు ఎక్కడ దొరుకుతాయి? చేలో, బావి గట్టున, బండి దగ్గర, పనిముట్లు పట్టుకున్న జనం నోట. పనిముట్టు మూలన పడితే మాట కూడా మూలన పడుతుంది.

మన పిల్లలకు ఇరుసు అంటే తెలియదు. ఆక్సిల్ అంటే తెలుసు. ఇరుసు చూపించి ఇరుసు అనకపోతే వాళ్ళకు ఎట్టా తెలుస్తుంది? జూమ్‌లో తెలుగు క్లాసు పెట్టి "అ అంటే అమ్మ" చెప్పించాం, మూడు వారాలకు ముగ్గురు మిగిలారు. జీపు దగ్గర పెట్టి చూడండి. పన్నెండేళ్ళ పిల్లవాడికి తాత పక్కన చతికిలబడి "ఆ వాషరు ఇటివ్వు, నట్టు జారకుండా పట్టుకో" అనే మాటలు పాఠం లేకుండానే వస్తాయి. స్పానర్, గ్రీసు, క్లచ్ ఇంగ్లీషు మాటలే, ఉండనివ్వండి. వాటి చుట్టూ ఉన్న క్రియలన్నీ తెలుగే. భాషకు ప్రాణం క్రియల్లోనే ఉంటుంది.

"ఒక జీపుకు ఇంత కథా?" అంటారు. అవును. ఒక ఇంట్లో తాతా మనవడూ కలిసి చేసే పని ఈరోజు ఏం మిగిలింది? సేద్యం కౌలుకు ఇచ్చేశాం. బావికి కరెంటు మోటరు వచ్చింది. వంట కూడా ఫోన్‌లో తెప్పించుకునే రోజులొచ్చాయి. మిగిలింది ఈ జీపు. అదీ అమ్మేస్తే ఇక మనం కలిసేది పెళ్ళి భోజనాల్లో, ఫోటోల్లో.

కాబట్టి అమ్మకానికి ముందు ఆరు ఆదివారాలు అడుగుతున్నాను. కోవిల్‌పట్టి ఇంటి వెనక షెడ్డులో, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా. విరుదునగర్ వాళ్ళు గంటలో వచ్చేయొచ్చు, నాలుగు వరసల రోడ్డే కదా. పాత బట్టలు వేసుకురండి. ఆడపిల్లల్ని తప్పకుండా తీసుకురండి, బ్రీదర్ కనిపెట్టింది ఎవరో మరిచిపోకండి. మొదటి వారం కడగడం, గ్రీసు. రెండో వారం నూనెలు. మూడో వారం బ్రేకులు, ఎప్పుడూ మన బండ్లు చూసే మెకానిక్ అన్నను పిలిచి, ఆయన పూట కూలి ఇచ్చి, ఆయన చెప్పినట్టు. తర్వాతివి అప్పుడు చూసుకుందాం. షెడ్డులో ఉన్నంతసేపూ తెలుగే, తప్పుల తెలుగైనా సరే.

ఆరు వారాలయ్యాక కూడా ఆ జీపుకు ఒక మనిషి దొరక్కపోతే, నేనే పాత ఇనుము వాణ్ణి పిలుస్తాను. దాంతోపాటు ఈ పేజీల్లో మన వంశం గొప్పలు రాయడం కూడా ఆపేస్తాను.